చేయడం వేరు, చేయించుకోవడం వేరు

మా ఇంట్లో ఉదయం ఎనిమిదింటికి వ్యాయామం జరుగుతుంది. జరుగుతుంది అనే అనాలి, చేసేది నేను కాదు కనుక. తమ్ముడు నా కుడి మడమను ఒక అరచేతిలోనూ, మోకాలి వెనకభాగాన్ని రెండో అరచేతిలోనూ పట్టుకుని కాలు పైకెత్తుతాడు. మోకాలిని ఛాతీ వైపు మడుస్తాడు, నెమ్మదిగా చాపుతాడు. పదిసార్లు. ఆ తర్వాత ఎడమకాలు, ఆ తర్వాత చీలమండలు. నేను పైకప్పు కేసి చూస్తూ ఆ రోజు చేయాల్సిన పనుల గురించి ఆలోచిస్తూ ఉంటాను. పక్కగదిలోంచి అమ్మ అడుగుతుంది: “వ్యాయామం చేయించావా?” “అయిపోయిందమ్మా” అంటాడు వాడు. ఇలా ఆరేళ్లు గడిచాయి. ఆరేళ్లూ నేను క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తున్నానని ఇంటిల్లిపాదీ నమ్మాం. నేనైతే కాస్త గర్వంగా కూడా నమ్మాను.

నాకు మెడలో ఏడో పూస దగ్గర వెన్నుపాము దెబ్బతింది. భుజాలు, మోచేతులు పనిచేస్తాయి. వేళ్లకు పట్టు తక్కువ. ఛాతీ నుంచి కిందికి కదలిక లేదు, స్పర్శ లేదు. గాయమైన ఏడో ఏట ఒక చిన్న శస్త్రచికిత్సకు ముందు రక్తపరీక్షలు చేశారు. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 27, తక్కువ. ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 260, ఎక్కువ. పరగడుపు షుగర్ గీత మీద నిలబడి ఉంది. బరువు చూస్తే గాయానికి ముందున్న దానికంటే నాలుగు కిలోలు తక్కువే. కాగితం చూసిన డాక్టరమ్మ “వ్యాయామం ఏమైనా చేస్తున్నారా?” అని అడిగారు. “రోజూ ముప్పావు గంట” అన్నాను ఠీవిగా. ఏం చేస్తారో చెప్పమన్నారు. చెప్పాను. ఆవిడ పెన్ను బల్లమీద పెట్టి, “అది మీ తమ్ముడికి వ్యాయామం” అన్నారు.

అప్పుడు నవ్వేశాను గానీ ఇంటికొచ్చాక ఆ మాట వదల్లేదు. తెలుగులో ‘చేయు’ పక్కన ‘ఇంచు’ చేరితే పని ఇంకొకరి చేతికి మారిపోతుంది. ఆరేళ్లుగా మా ఇంట్లో ఆ ప్రశ్న ‘చేయించావా’ అనే వినబడుతోంది, అడిగేది నన్ను కూడా కాదు. నాకు చెవులు బాగానే ఉన్నాయి కదా, ఎందుకు వినలేదో!

నా వాదన ఇది. వెన్నుపాము గాయమైనవాళ్ల ఇళ్లలో వ్యాయామం పేరిట ఖర్చయ్యే సమయంలో పెద్ద వాటా కదలని కాళ్లకు పోతోంది. కదిలే చేతులకు, వాటి ద్వారా గుండెకు దక్కాల్సినది దక్కడం లేదు. ఇది పొరపాటు. అలవాటు మీద, ఆశ మీద నిలబడ్డ పొరపాటు కాబట్టి ఎవరూ దాన్ని ప్రశ్నించరు.

కాళ్లు కదిలించడం దండగ అనడం లేదు. కీళ్లు ఏ మేరకు వంగుతున్నాయో రోజూ తెలుస్తుంది, చర్మం మీద ఎర్రమచ్చ ఏదైనా వస్తే ముందే కంటబడుతుంది, కొందరికి బిగుతు, స్పాజమ్‌లు (కండరాలు తమంతట తామే బిగుసుకుని అదరడం) కాసేపు తగ్గుతాయి. అయితే కీళ్లు బిగుసుకుపోకుండా సాగదీత కాపాడుతుందన్న నమ్మకానికి కూడా పరిశోధనల మద్దతు మనం అనుకున్నంత లేదు. నియంత్రిత ప్రయోగాలను కలిపి చూసినవాళ్లకు కనిపించిన లాభం చాలా స్వల్పం. ఇక గుండె సంగతి సరేసరి. ఎవరో మడిచి చాపే కండ సంకోచించదు. సంకోచించని కండకు ఇంధనం అక్కర్లేదు. ఇంధనం అడగని కండ కోసం గుండె పరుగెత్తదు. తమ్ముడు చెమటలు కక్కుతున్నప్పుడు నా నాడి 64.

చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ అడిగేది ఒకటే: “కాళ్లలో ఏమైనా కదలిక వచ్చిందా బాబూ?” ఆయాసం వచ్చేంత పని ఏదైనా చేస్తున్నావా అని ఇన్నేళ్లలో ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. వాళ్లను తప్పుపట్టను. నడక కంటికి కనబడుతుంది, హెచ్‌డీఎల్ కనబడదు.

ఈ నిర్లక్ష్యానికి ఒక చరిత్ర కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము తెగిన సైనికుల్లో చాలామంది మూత్రపు ఇన్ఫెక్షన్లతోనో, ఒత్తిడి పుండ్లతోనో నెలల్లోనే చనిపోయేవారు. అంతకాలమే బతికే మనిషికి గుండె రక్తనాళాలు పూడుకుపోతాయేమోనన్న చింత ఎవరికి ఉంటుంది? 1944 ఫిబ్రవరి 1న ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ వెన్నుపాము గాయాలకు ప్రత్యేక విభాగం తెరిచాక కథ మారింది. రోగులను రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పడం, మూత్రాశయాన్ని శుభ్రంగా ఖాళీ చేయడం, పనిలో పెట్టడం, ఆటలాడించడం ఆయన పద్ధతులు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, ఆ ఆస్పత్రి ఆవరణలో 16 మందితో విలువిద్య పోటీ పెట్టారు. అది పెరిగి 1960 నాటికి రోమ్ చేరింది. దాన్నే ఇప్పుడు మొదటి పారాలింపిక్స్‌గా లెక్కిస్తున్నాం. మూత్రపిండాలు, పుండ్లు అదుపులోకి వచ్చిన కొద్దీ జనం దశాబ్దాలు బతకడం మొదలుపెట్టారు. దశాబ్దాలు బతికితే గుండెజబ్బు వచ్చే తీరిక దొరుకుతుంది. కెనడాలో అరవై వేల మందికి పైగా పాల్గొన్న ఆరోగ్య సర్వేను విశ్లేషించి 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం, వయసు వంటివాటిని సరిచూశాక కూడా, వెన్నుపాము గాయం ఉన్నవారిలో గుండెజబ్బు ఉండే అవకాశం సుమారు 2.7 రెట్లు, పక్షవాతానిది 3.7 రెట్లు. మన శరీరాలు ముందుకొచ్చేశాయి, మన భయాలు మాత్రం ఇంకా పాతకాలంలోనే ఉన్నాయి.

సన్నగా ఉన్నాను కదా అన్న ధీమా ఇంకో మోసం. కాళ్లలో, పిరుదుల్లో కండ కరిగిపోతుంది, దాని చోట కొవ్వు చేరుతుంది. తూకం ఈ మార్పిడిని చెప్పదు. అందుకే వెన్నుపాము గాయం ఉన్నవారికి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు చెప్పే అంకె) 22కు చేరితే చాలు, స్థూలకాయం కింద లెక్కించాలని నిపుణుల మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. మామూలు పట్టికలో 22 అంటే శభాష్ అనే అంకె! పైగా కదలకుండా కూర్చున్నప్పుడు ఇతరులు కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ప్రాణవాయువు వాడతారనుకుంటే మనం వాడేది 2.7 దగ్గర. ఏ పనికి ఎన్ని క్యాలరీలు ఖర్చవుతాయో చెప్పే పట్టికలన్నీ ఆ తేడాతో మనకు పనికిరాకుండా పోతాయి.

సరే, చేతులతో చేద్దామని మొదలుపెట్టాను. బల్లమీద బిగించే చేతి పెడళ్లు తెప్పించాం. పట్టు చాలదు కనుక తమ్ముడు నా అరచేతులను పిడులకు వెల్క్రో పట్టీలతో కట్టేశాడు. కడుపు చుట్టూ పట్టీ బిగించాడు. మొదటి రోజు నాలుగు నిమిషాలు. ఐదో నిమిషంలో కిటికీ అంచులు మసకబారి, చెవుల్లో హోరు మొదలైంది. కుర్చీని వెనక్కి వాల్చి నా కాళ్లు ఎత్తిపట్టుకుని, “ఇంకెప్పుడూ వద్దు” అన్నాడు వాడు. అమ్మ పెడళ్లను మంచం కిందకి తోసేసింది.

ఎందుకలా అయిందో తెలుసుకోవడానికి నెల పట్టింది. గుండెకు మెదడు నుంచి రెండు రకాల ఆజ్ఞలు వెళ్తాయి. వేగస్ నాడి మెదడు నుంచి నేరుగా దిగుతుంది, వెన్నుపాముతో దానికి పనిలేదు. అది కళ్లెం, వేగం తగ్గిస్తుంది. సహానుభూత నాడులు వెన్నుపాములో ఛాతీ ఖండాల పైభాగం నుంచి, మొదటి దానికీ ఐదో దానికీ మధ్య, గుండెకు బయలుదేరతాయి. అవి కొరడా. మెడ దగ్గర వెన్నుపాము తెగితే కళ్లెం చేతిలోనే ఉంటుంది, కొరడా జారిపోతుంది. కళ్లెం వదులు చేసి కొంత వేగం తేవచ్చు, అంతకుమించి కుదరదు. అందుకే నాలాంటివారిలో గుండె ఎంత కష్టపడినా నిమిషానికి 110, 130ల మధ్య ఆగిపోతుంది. అదే సహానుభూత నాడుల అదుపు పోవడంతో కడుపులో, కాళ్లలో ఉన్న రక్తనాళాలు అవసరానికి బిగుసుకోవు. నడిచేవాళ్లకు పిక్కల కండరాలు ప్రతి అడుగుకూ రక్తాన్ని పైకి పిండుతాయి, మనకు ఆ పంపు లేదు. చేతులు రక్తం కావాలంటాయి, అదేమో కింద నిలిచిపోయి ఉంటుంది. కళ్లు చీకట్లు కమ్మక ఏమవుతాయి? ఛాతీ మధ్యభాగం కంటే కింద గాయమైనవారి పరిస్థితి మెరుగు. వాళ్ల గుండెకు కొరడా ఉంటుంది, నాడి మామూలుగానే పెరుగుతుంది. ‘వీల్‌చైర్ వ్యాయామం’ అని అందరినీ ఒకే గాటన కట్టే వీడియోలంటే నాకు ఒళ్లుమంట అందుకే. నడుము దగ్గర గాయమైన మనిషి చేసే సాధనను మెడ గాయం ఉన్నవాడికి చూపించి, “చూడు, పట్టుదల ఉంటే అన్నీ అవుతాయి” అంటారు. పట్టుదల ఎంతున్నా లేని నాడి మొలవదు.

నా చేతి గడియారానిదీ అదే తంతు. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ నాడి వస్తుందని దాని సూత్రం. నా 38 తీసేస్తే 182. నేను పళ్లు బిగించి, మాట పెగలనంత తిప్పితే 118 దగ్గర నిలుస్తుంది. గడియారం దాన్ని ‘తేలికపాటి శ్రమ’ అని రాసుకుంటుంది. అడుగులకు బదులు చక్రాల తోపులు లెక్కించే ఏర్పాటు 2016లో ఆపిల్ గడియారంలో వచ్చింది, సంతోషం. నాడి లెక్క మాత్రం మెడ గాయం ఉన్నవాడిని ఇప్పటికీ బద్ధకస్తుడిగానే చూస్తుంది. నేను దాన్ని చూడటం మానేశాను. శ్రమ ఎంత అనిపిస్తోందో సున్నా నుంచి పదిలోపు అంకె చెప్పుకుంటాను. ఐదు, ఆరు అంటే మాట్లాడగలను, పాట పాడలేను. ఏడు, ఎనిమిది అంటే రెండు మాటలకు ఒకసారి ఊపిరి తీసుకోవాలి. పరిశోధకులు వాడేదీ ఈ రకం కొలబద్దనే. ఖర్చులేదు, బ్యాటరీ అయిపోదు.

రెండో ప్రయత్నం వేరే ఆస్పత్రిలో, తెలిసిన ఫిజియో కళ్లముందు మొదలైంది. ఇప్పుడు కడుపు పట్టీకి తోడు కాళ్లకు బిగుతు మేజోళ్లు. ముందు గ్లాసెడు నీళ్లు. రెండు నిమిషాలు తిప్పడం, ఒక నిమిషం ఆగడం. గాయం కింద చర్మానికి చెమట పట్టదు కనుక మెడకు తడిగుడ్డ, ముఖానికి నీళ్లు చిమ్మే సీసా. ఆరు వారాలకు ఏకబిగిన పన్నెండు నిమిషాలు తిప్పగలిగాను. 

ఒకరోజు పదో నిమిషంలో ఒళ్లు విచిత్రమైన హుషారుతో నిండింది. చేతులు తేలిగ్గా తిరుగుతున్నాయి. నాకేదో శక్తి వచ్చేసిందనుకున్నాను. అంతలో కణతల్లో సుత్తి దెబ్బలు, ముక్కు దిబ్బడ, మెడ మీద ఎర్రటి మచ్చలు. అలవాటు మానేసిన గడియారాన్నే చూస్తే నాడి 52. తిప్పుతుంటే పెరగాల్సింది తగ్గింది! బీపీ చూశారు, పై అంకె 178. నా మామూలు అంకె 95. ఫిజియో నన్ను నిటారుగా కూర్చోబెట్టి, కడుపు పట్టీ విప్పి, నేరుగా యూరిన్ గొట్టం వెతికారు. తొడ పట్టీ కింద అది మడతపడి ఉంది. సరిచేయగానే సంచిలోకి ధార పడింది. పది నిమిషాల్లో తలనొప్పి దిగింది.

దీని పేరు అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా. ఛాతీ ఆరో ఖండం దగ్గర గానీ అంతకు పైన గానీ గాయమైనవారికి వస్తుంది. నిండిన మూత్రాశయం కింద గోలపెడుతుంది. ఆ గోలకు గాయం కింది సహానుభూత నాడులు రక్తనాళాలను బిగించేస్తాయి, ఆపమనే ఆజ్ఞ మెదడు నుంచి గాయం దాటి దిగదు. మెదడు చేయగలిగింది కళ్లెం లాగడమే, అందుకే నాడి పడిపోతుంది. నిండిన మూత్రాశయానికీ ఎగసిపడే బీపీకీ ఉన్న ఈ సంబంధాన్ని గట్‌మన్, ఆయన సహ పరిశోధకుడు విటరిడ్జ్ 1947లోనే వివరంగా రాశారు. మామూలు బీపీ కంటే పై అంకె 20 పెరిగినా దీన్ని అనుమానించాలి. వదిలేస్తే మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. నన్ను నిర్ఘాంతపరిచింది ఆ హుషారు. కొందరు క్రీడాకారులు పోటీకి ముందు కావాలనే దీన్ని తెచ్చుకునేవారు, కాథెటర్ (యూరిన్ గొట్టం) బిగించేసి మూత్రాశయాన్ని నింపుకునేవారు. బీపీ పెరిగితే చేతులకు రక్తం దండిగా అందుతుంది మరి. దానికి ‘బూస్టింగ్’ అని పేరు. అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ 1994లో నిషేధించింది. ఆ రోజు పది నిమిషాల రుచి చూశాక వాళ్ల ప్రలోభం నాకు అర్థమైంది, సమర్థించను గానీ.

ఈ సంగతి ఇంట్లో చెప్పగానే వచ్చిన మాట ఊహించవచ్చు: “చూశావా, ఇది నీకు పడదు.” నేను దీన్ని తిరగేసి చెబుతాను. ఆ గొట్టం నేను టీవీ చూస్తున్నప్పుడు మడతపడినా అదే జరిగేది. అప్పుడు పక్కన బీపీ పరికరం ఉండేది కాదు, ఏం వెతకాలో తెలిసిన మనిషి ఉండేవాడు కాదు. మూత్రాశయం ఖాళీ చేసి, గొట్టం చూసుకుని, తన మామూలు బీపీ ఎంతో తెలిసి మొదలుపెట్టే వ్యాయామం కంటే, ఏమీ చేయకుండా ఇరవై ఏళ్లు కుర్చీలో గడపడం ప్రమాదకరం. ఆ ప్రమాదం చప్పుడు చేయదు, అంతే తేడా. అక్షరాలా చప్పుడు చేయదు: గుండె నొప్పిని మోసే నాడులు కూడా ఛాతీ పైభాగంలోనే వెన్నుపాములోకి చేరతాయి. గాయం దానికి పైన ఉంటే గుండెకు రక్తం అందకపోయినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. కారణం లేని ఆయాసం, దవడ నొప్పి, హఠాత్తుగా పెరిగిన స్పాజమ్‌లు: వీటిలో ఏదో ఒకటే ఏకైక కబురు కావచ్చు. “ఛాతీ నొప్పేమైనా వస్తోందా?” అని అడిగి, లేదనగానే మందుల చీటీ రాసి పంపేసిన గుండె డాక్టరు ఒకరు నాకు తెలుసు. ట్రెడ్‌మిల్ ఎక్కించలేని మనిషికి చేతి పెడళ్లతోనో, మందుతో గుండెను వేగవంతం చేసే స్కానింగ్‌తోనో పరీక్షించే దారులున్నాయి. అడిగి చేయించుకోవాలి. ఇక్కడ మాత్రం చేయించుకోవడమే సరైన క్రియ.

భుజాల ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. ఉన్నవి రెండు చేతులు, అవీ అరిగిపోతే? మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎక్కించేవి అవే కదా. ఈ భయం నాకూ ఉంది. కుర్చీ తోసేవారిలో భుజం నొప్పి సర్వసాధారణం. అయితే భుజాన్ని పాడుచేసేది ఎక్కువగా ఒకే దిశలో తోయడం, తలకు పైన చేయి పెట్టి లాగడం, శరీర బరువంతా చేతుల మీద మోయడం. వీపు వైపు లాగే కసరత్తులు, భుజం కీలును పట్టి ఉంచే చిన్న కండరాలకు రబ్బరు పట్టీలతో పని, పెడళ్ల ఇరుసు భుజం ఎత్తుకు మించకుండా చూడటం: వీటితో నా ఎడమ భుజం మొదటికంటే నయంగానే ఉంది. రోజంతా కుర్చీ తోస్తున్నాను, అదే వ్యాయామం కదా అనేవారికి నేనేమీ చెప్పను. ఐదు అంకె వరకైనా చేరుతోందా అని మాత్రం అడుగుతాను. గదిలోంచి గదిలోకి తోస్తే చేరదు.

కరెంటు ప్రేరణతో కాళ్లే పెడళ్లు తిప్పే సైకిళ్లు ఉన్నాయి. తొడల మీద, పిరుదుల మీద అతికించిన ప్యాడ్‌లు కండరాలను వరసగా సంకోచింపజేస్తాయి. తమ్ముడు తిప్పినప్పటిలా కాదు, ఇక్కడ కండ నిజంగా పనిచేస్తుంది, గుండె దానికి జవాబు చెబుతుంది. 2016లో జ్యూరిచ్ దగ్గర, వైకల్యం ఉన్నవారు సాంకేతిక పరికరాలతో తలపడే సైబథ్లాన్ పోటీల్లో ఇలాంటి సైకిళ్లతో పందెమే పెట్టారు. చేతుల పని కూడా కలిస్తే ఇంకా మేలు. కానీ వెన్నుపాము కింద నుంచి కండకు వెళ్లే నాడి బాగుండాలి, లేకపోతే స్పందన ఉండదు. ఏళ్ల తరబడి బరువు మోయని మోకాలి ఎముకలు పెళుసుగా ఉంటాయి, జాగ్రత్త తప్పితే విరుగుతాయి. అన్నిటికంటే ముందు ఆ యంత్రం అందుబాటులో ఉండాలి. ఉన్నవారు వాడండి. లేనివారు దానికోసం ఎదురుచూస్తూ చేతులు కట్టుకోవద్దు.

ఎంత చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వైకల్యం ఉన్న పెద్దలకు కూడా వారానికి 150 నిమిషాల నుంచి 300 నిమిషాలు అంది. వెన్నుపాము గాయం మీద ప్రత్యేకంగా పనిచేసిన అంతర్జాతీయ బృందం 2018లో ఇచ్చిన అంకెలు చిన్నవి: దారుఢ్యం కోసమైతే వారానికి రెండుసార్లు 20 నిమిషాల చొప్పున ఓ మోస్తరు నుంచి గట్టి శ్రమ, వాటికి తోడు పనిచేసే ప్రతి పెద్ద కండకూ రెండుసార్లు బలం కసరత్తు. గుండె, షుగర్, కొలెస్ట్రాల్ కోసమైతే వారానికి మూడుసార్లు 30 నిమిషాలు. గాయమై కనీసం ఏడాది దాటినవారిని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి ఇవి. నా ఓటు చిన్న అంకెలకే. ఆయాసం అంటే ఏమిటో మరిచిపోయిన మనిషికి 150 చూపిస్తే మంచం దిగడు. 20 చూపిస్తే నవ్వుకుంటూ దిగుతాడు. దిగాక అది తక్కువేమీ కాదని వాడికే తెలుస్తుంది. ఇంకొకటి దాచకూడదు. దారుఢ్యం, కండబలం పెరుగుతాయనడానికి ఆధారాలు గట్టివి. కొలెస్ట్రాల్, షుగర్ల విషయంలో అంత గట్టివి కావు. నా సంగతే చూడండి: ఏడాదిన్నర తర్వాత హెచ్‌డీఎల్ 27 నుంచి 32కు వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు బాగా తగ్గాయి, కానీ మధ్యలో తిండి కూడా మార్చాను, ఘనత దేనిదో తేల్చలేను. తేల్చగలిగింది ఒకటుంది. మంచం మీంచి కుర్చీలోకి మారాక ఇదివరకు రెండు నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరి కూడగట్టుకునేవాణ్ని. ఇప్పుడు మారుతూనే మాట్లాడుతున్నాను.

ఉదయం ఎనిమిదింటి కార్యక్రమం ఆగలేదు. ముప్పావు గంట కాస్తా పదిహేను నిమిషాలైంది. మిగిలిన అరగంట వారానికి మూడు రోజులు పెడళ్లది. తమ్ముడు పట్టీలు కట్టి, గొట్టం ఒకసారి వేలితో తడిమి చూసి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటాడు. ఏడో అంకె చేరాక నేను వాడికి జవాబివ్వలేనని తెలుసు కాబట్టి నాతో పేచీ ఉన్న విషయాలన్నీ అప్పుడే ఎత్తుతాడు. పక్కగదిలోంచి అమ్మ ఇప్పటికీ “చేయించావా?” అనే అడుగుతుంది. కాళ్ల సంగతే అడుగుతోందని తెలుసు కనుక వాడు అవునంటాడు.